నర్సింగ్ హోం మంచం నుంచి కోర్టు మెట్ల దాకా

తల్లి వీపు మీద పడకపుండ్లు చూసి ఒక కూతురు లాయరు దగ్గరికి వెళ్లిందనుకుందాం. 1980ల నాటి కాలిఫోర్నియాలో ఆ లాయరు ముందుగా వేసుకునే లెక్క ఇలా ఉండేది. పెద్దావిడకు ఉద్యోగం లేదు, కాబట్టి పోయిన జీతమంటూ లేదు. ఆమె సంపాదన మీద బతికేవాళ్లూ లేరు. వయసు ఎనభై దాటింది, ఇంకెన్నాళ్లో బతకదు. వైద్యం ఖర్చు చాలావరకు ప్రభుత్వమే భరించింది. కేసు తేలేలోపు ఆమె కన్నుమూస్తే, ఆమె పడ్డ బాధకు పరిహారం అడిగే హక్కూ ఆమెతోనే పోతుంది. అమెరికాలో ఇలాంటి కేసుల్లో లాయర్లు గెలిచిన తర్వాతే, వచ్చిన సొమ్ములో వాటాగా ఫీజు తీసుకుంటారు. వచ్చేదే ఏమీ లేనప్పుడు కేసు ఎవరు చేపడతారు? అన్యాయం జరిగిందని ఒప్పుకుంటూనే లాయర్లు ఆ కూతుళ్లను వెనక్కి పంపేవారు.

మన ఊళ్లలో నర్సింగ్ హోం అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో మాత్రం అది వృద్ధులు, దీర్ఘరోగులు నెలలు, ఏళ్ల తరబడి ఉండే చోటు. ఇవాళ అక్కడ అలాంటివి సుమారు 15,000 ఉన్నాయి. వాటిలో 12 లక్షల మందికి పైగా ఉంటున్నారు. అక్కడి మనిషిని కొట్టినా, కట్టేసినా, మురికిలో వదిలేసినా కోర్టుకెక్కే దారి మొదటినుంచీ ఉన్నది కాదు. ఒక్కో మెట్టుగా కట్టుకుంటూ వచ్చారు. కట్టిన మెట్లలో కొన్నింటిని తర్వాత కూలగొట్టారు కూడా.

కథ 1935లో మొదలవుతుంది. అప్పటిదాకా దిక్కులేని ముసలివాళ్లకు కౌంటీలు నడిపే పూర్‌హౌస్‌లే గతి. పిచ్చివాళ్లు, తాగుబోతులు, అనాథలు, వృద్ధులు అందరూ ఒకే కప్పు కింద ఉండేవారు. ఆ అవమానం పోవాలని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తెచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం పేద వృద్ధులకు నగదు సాయం ఇచ్చింది గానీ, ప్రభుత్వ ఆశ్రమాల్లో ఉన్నవాళ్లకు ఆ డబ్బు ఇవ్వకూడదని షరతు పెట్టింది. పూర్‌హౌస్‌లు ఖాళీ కావాలన్నది దాని ఉద్దేశం. కానీ మంచంలో ఉన్న మనిషికి చూసేవాళ్లు కావాలి కదా. చేతిలో నెలనెలా డబ్బు ఉన్న ఆ వృద్ధుల కోసం పాత ఇళ్లలో, మూతపడ్డ భవనాల్లో ప్రైవేటు హోంలు పుట్టుకొచ్చాయి. వాటికి చాలాచోట్ల లైసెన్సు లేదు, తనిఖీ లేదు. ఈ సంస్థలకు రాష్ట్రాలు ప్రమాణాలు పెట్టాలని చట్టం చెప్పింది 1950 సవరణతోనే. అదీ ఎక్కువగా కాగితం మీదే మిగిలింది.

1957 ఫిబ్రవరి 17, ఆదివారం మధ్యాహ్నం. మిస్సోరి రాష్ట్రం వారెంటన్ ఊళ్లో, ఒకప్పటి కాలేజీ భవనంలో నడుస్తున్న కేటీ జేన్ హోం తగలబడింది. మంటలార్పే నీటి గొట్టాలు పైకప్పులో లేవు. నడవలేనివాళ్లు మేడమీది గదుల్లో ఉన్నారు. 72 మంది చనిపోయారు. ఆ తర్వాతే ఆ రాష్ట్రం లైసెన్సుల చట్టాన్ని గట్టిచేసింది. 1963 నవంబర్‌లో, కెనెడీ హత్య జరిగిన మర్నాడే, ఒహాయోలోని ఫిచ్‌విల్‌లో మరో హోం కాలిపోయి 63 మంది పోయారు. దేశమంతా అధ్యక్షుడి శోకంలో ఉండటంతో ఆ చావులను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకాలు వచ్చాయి. ప్రభుత్వ ధనం వరదలా పారింది. మంచానికింత అని సర్కారు కట్టడం మొదలుపెట్టాక నర్సింగ్ హోం పెద్ద వ్యాపారమైంది. ఆయాలను తగ్గిస్తే, తిండిలో కోత పెడితే మిగిలేది యజమానికే. యూటా సెనేటరు ఫ్రాంక్ మాస్ ఏళ్లపాటు విచారణలు జరిపి, ఈ వైఫల్యం ప్రభుత్వ విధానానిదేనని 1970ల మధ్యలో వరసగా నివేదికలు ఇచ్చాడు.

జనం కళ్లు తెరిపించింది మాత్రం న్యూయార్క్. సెంట్రల్ పార్క్ పక్కన, పంతొమ్మిదో శతాబ్దంలో క్యాన్సర్ ఆసుపత్రిగా కట్టిన గుండ్రటి బురుజుల భవనంలో టవర్స్ నర్సింగ్ హోం ఉండేది. దానితో సహా అనేక హోంలతో సంబంధమున్న బెర్నార్డ్ బెర్గ్‌మన్ గురించి 1974లో పత్రికలు వరసగా రాశాయి. 1975 జనవరిలో చార్ల్స్ హైన్స్‌ను ప్రత్యేక ప్రాసిక్యూటరుగా నియమించారు. మెడికెయిడ్ మోసం కింద బెర్గ్‌మన్ నేరం ఒప్పుకున్నాడు. 1976లో ఫెడరల్ కోర్టు వేసిన శిక్ష నాలుగు నెలల జైలు. రాష్ట్ర కోర్టు ఇంకో ఏడాది వేసింది. శిక్ష పడింది లెక్కల మోసానికి. మంచాల మీది మనుషులు పడ్డ యాతనకు వేరే లెక్క కావాలి.

ఆ లెక్కే, ఆ శిక్షకు ముందే, 1975లో న్యూయార్క్ చేసిన చట్టం. హోం నివాసి హక్కుకు భంగం కలిగితే అతనే నేరుగా దావా వేయవచ్చు. నష్టం రుజువు చేయడం కష్టమని తెలిసి, కనీస పరిహారాన్ని చట్టమే నిర్ణయించింది: ఆ మనిషి కోసం రోజుకు చెల్లించే రేటులో కనీసం నాలుగో వంతు. లాయరు ఫీజు ఇప్పించే అధికారం కోర్టుకు ఇచ్చింది. దావా వేసే హక్కును వదులుకుంటున్నానని నివాసి చేత ముందే రాయించుకుంటే ఆ రాత చెల్లదని కూడా చెప్పింది. ఈ ఆఖరి వాక్యం ఎంత ముందుచూపుతో రాసిందో మూడు దశాబ్దాల తర్వాత గానీ తెలియలేదు.

కోర్టు కంటే ముందు వినే చెవి కావాలి. 1972లో కొన్ని రాష్ట్రాల్లో ప్రయోగంగా నర్సింగ్ హోం అంబుడ్స్‌మన్ వ్యవస్థ పెట్టారు. హోంకు వెళ్లి, నివాసితో ఏకాంతంగా మాట్లాడి, ఫిర్యాదును వెంటపడి పరిష్కరించడం వీళ్ల పని. 1978లో అది ప్రతి రాష్ట్రానికీ తప్పనిసరి అయింది. ఇప్పటికీ ఉచితంగానే పనిచేస్తోంది.

1975లోనే కొలరాడోలో ఇంకో దారి తెరుచుకుంది. డెన్వర్‌లోని ఒక హోం నివాసుల తరఫున లాయర్లు ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. వాళ్లు వేలెత్తి చూపింది ఒక్క హోంను కాదు, ప్రభుత్వ తనిఖీ పద్ధతినే. తనిఖీకి వచ్చిన అధికారి వంటగది ఉందా, నర్సు పేరు రిజిస్టరులో ఉందా, ఫైళ్లు సరిగా ఉన్నాయా అని చూసేవాడు. మంచం మీది మనిషికి అన్నం ముట్టిందా, పక్క మార్చారా అన్నది ఆ ఫారంలో దాదాపు కనిపించదు. సేవ చేయగల ఏర్పాటు ఉంటే చాలు, నిజంగా చేస్తున్నారో లేదో చూడనక్కర్లేదు అన్నట్టు ఉండేది. స్మిత్ వర్సెస్ హెక్లర్ అనే ఈ కేసు తొమ్మిదేళ్లు నడిచింది. ప్రభుత్వ సొమ్ము తీసుకుంటున్న హోంలు నిజంగా మంచి సేవ చేస్తున్నాయో లేదో తెలుసుకోవలసిన బాధ్యత కేంద్ర ఆరోగ్య మంత్రిదేనని 1984లో అప్పీలు కోర్టు తేల్చింది.

1975లో ఎల్మా హోల్డర్ స్థాపించిన వినియోగదారుల సంఘం ఈలోగా ఎవరూ చేయని పని చేసింది. 15 నగరాల్లో నివాసులనే కూర్చోబెట్టి మంచి సేవ అంటే ఏమిటని అడిగింది. 1986లో నిపుణుల సంఘం ఇచ్చిన నివేదిక ఆ దిశలోనే నడిచింది. ఈ కృషి ఫలితమే 1987 డిసెంబర్ 22న అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన నర్సింగ్ హోం సంస్కరణ చట్టం. ఆయాలకు కనీసం 75 గంటల శిక్షణ, చెప్పకుండా వచ్చే తనిఖీలు, బలవంతంగా పంపేయడానికి వీల్లేకుండా ముందస్తు నోటీసు, అన్నిటికన్నా ముఖ్యంగా శిక్షగానో సిబ్బంది సౌకర్యం కోసమో కట్టేయకుండా ఉండే హక్కు ఆ చట్టంతో వచ్చాయి.

కట్టేయడం అప్పట్లో మామూలు సంగతి. గుడ్డతో కుట్టిన చొక్కాలాంటిది తొడిగి దాని తాళ్లను మంచానికో కుర్చీకో బిగించేవారు. ఒళ్లోకి బల్ల అడ్డంగా వచ్చే కుర్చీలో కూర్చోబెడితే మనిషి తనంతట లేవలేడు. కింద పడిపోకుండా కాపాడటానికేనని చెప్పేవారు. నిజానికి కదలిక లేక కండరాలు కరిగిపోయేవి, పుండ్లు పడేవి, పెనుగులాడి తాళ్లలో ఇరుక్కుని చనిపోయినవాళ్లూ ఉన్నారు. 1980ల చివర్లో దాదాపు పదిమందిలో నలుగురు ఇలా కట్టుబడి ఉండేవారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంఖ్య నూటికి ఇద్దరి కన్నా తక్కువకు దిగింది. ఒక చట్టం వృద్ధుల దేహాలకు ఇచ్చిన విముక్తికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అయితే తాళ్లు విప్పినంత మాత్రాన లాయరు లెక్క మారదు. దాన్ని మార్చింది 1991లో కాలిఫోర్నియా. హోం నిర్లక్ష్యం తెలిసీ లెక్కచేయని స్థాయిలో ఉందని గట్టి సాక్ష్యంతో రుజువైతే లాయరు ఫీజు హోం కట్టాలని, బాధితురాలు చనిపోయినా ఆమె పడ్డ నొప్పికి పరిహారం అడిగే హక్కు బతికే ఉంటుందని సవరణ తెచ్చింది. మొదటి పేరాలోని కూతురికి తలుపు తెరుచుకుంది ఇక్కడే. హోంలు ఊరుకోలేదు. ఇది మామూలు వైద్య నిర్లక్ష్యం, మాకు ఆ చట్టం వర్తించదని వాదించాయి. 1999లో డెలానీ వర్సెస్ బేకర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. చీలమండ విరిగి చేరిన 88 ఏళ్ల వృద్ధురాలిని మలమూత్రాల్లో గంటల తరబడి వదిలేశారు. కొద్ది నెలల్లోనే ఎముకల దాకా పుండ్లు పడి ఆమె చనిపోయింది. కూతురు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా పట్టించుకున్నవారు లేరు. అలా వదిలేయడం వైద్యంలో జరిగిన పొరపాటు కిందికి రాదని కోర్టు స్పష్టం చేసింది.

కేసులు పెరిగాయి. దాంతో హోంలు చేరిక కాగితాల్లోనే కొత్త కాగితం పెట్టాయి: ఏ గొడవ వచ్చినా కోర్టుకు వెళ్లను, ప్రైవేటు మధ్యవర్తి తీర్పుకే కట్టుబడతాను అని. ఆసుపత్రి నుంచి ఆ పూటే ఖాళీ చేయాలి, అమ్మను ఎక్కడో ఒకచోట చేర్చాలి. ఆ హడావుడిలో పదుల పేజీల మధ్య ఉన్న ఆ కాగితం మీద పిల్లలు సంతకం పెట్టేవారు. తర్వాత దారుణం జరిగితే జ్యూరీ ఉండదు, విచారణ నలుగురికీ తెలియదు. ఇలాంటి ఒప్పందాలను అడ్డుకోబోయిన రాష్ట్రాలను 2012లో వెస్ట్ వర్జీనియా కేసులో, 2017లో కెంటకీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆపింది. 2016లో కేంద్రం పెట్టిన నిషేధాన్ని మిసిసిపీలోని ఫెడరల్ కోర్టు నిలిపేసింది. చివరికి 2019లో రాజీ నిబంధన వచ్చింది. ఆ సంతకం పెడితేనే చేర్చుకుంటామని హోం అనకూడదు. పెట్టినా 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవచ్చు.

2023 జూన్ 8 నాటి టాలెవ్‌స్కీ తీర్పు ఈ చరిత్రలో తాజా మెట్టు. ఇండియానాలో మతిమరుపు వ్యాధి ఉన్న టాలెవ్‌స్కీ అనే పెద్దాయన 2016లో కౌంటీ సంస్థకు చెందిన హోంలో చేరాడు. చేరినప్పుడు నడిచేవాడు, మాట్లాడేవాడు, తన చేత్తో తినేవాడు. కొన్నాళ్లకే తినడం మానేశాడు. జబ్బు ముదిరిందని హోం చెప్పింది. కుటుంబం బయటివాళ్ల చేత మందుల జాబితా చూపించింది. మనసును మొద్దుబార్చే బలమైన మందులు ఆరు ఇస్తున్నారని బయటపడింది. మందులు తగ్గించాక ఆయన మళ్లీ తన చేత్తో తినగలిగాడు. ఫిర్యాదు చేసిన తర్వాత ఆయన్ను దూరాన ఉన్న మరో చోటికి పంపేశారు. భార్య 2019లో కేసు వేసింది. కేసు సుప్రీంకోర్టుకు చేరేలోపే ఆయన పోయాడు. ఆమె ఆధారం చేసుకున్న శాసనం 1871 నాటిది. బానిసత్వం నుంచి విడుదలైన నల్లవారిని కూ క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాత్యహంకార ముఠాల నుంచి కాపాడటానికి చేసింది. 1987 చట్టంలోని హక్కులను ఆ పాత శాసనం కింద కోర్టులో అడగవచ్చని 7–2 తేడాతో తీర్పు వచ్చింది. జస్టిస్ కేతాంజీ బ్రౌన్ జాక్సన్ రాశారు. ఇది ప్రభుత్వ సంస్థలు నడిపే హోంలకే ముఖ్యంగా ఉపయోగం. ప్రైవేటు హోంల నివాసులు ఇప్పటికీ తమ రాష్ట్ర చట్టం మీదే ఆధారపడాలి.

1965లో అమెరికా వలస చట్టం మారాక వెళ్లిన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్ల తరం ఇప్పుడు 70లు, 80ల్లో ఉంది. న్యూజెర్సీ, టెక్సస్, కాలిఫోర్నియాల్లో ఈ ప్రశ్న మన ఇళ్లలోకీ వచ్చింది. ఇక్కడ హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో నెలకింత అని కట్టించుకునే వృద్ధాశ్రమాలు పెరుగుతున్నాయి. 2007 నాటి మన వృద్ధుల సంక్షేమ చట్టం ప్రధానంగా పిల్లలు, వారసుల నుంచి పోషణ ఇప్పించడం గురించి మాట్లాడుతుంది. దాని కింద ఆర్డీవో ట్రిబ్యునళ్లు పనిచేసేదీ అందుకే. ఆశ్రమం సిబ్బందే బాధపెడితే ఆధారం పోలీసు ఫిర్యాదు, డబ్బు కట్టిన సేవలో లోపానికి వినియోగదారుల కమిషన్. నివాసి చేతికే హక్కుల జాబితా ఇచ్చి, కనీస పరిహారం నిర్ణయించిన న్యూయార్క్ చట్టం లాంటిది మన రెండు రాష్ట్రాలూ చేయాలి.

అంతవరకు చేయగలిగింది ఇదీ. చెప్పకుండా, వేర్వేరు వేళల్లో వెళ్లి చూడాలి. దుప్పటి తీసి వీపు, మడమలు చూడాలి. గాయం కనిపిస్తే తేదీతో ఫోటో తీయాలి, మందుల చీటీ అడిగి తీసుకోవాలి. అమెరికాలోనైతే ఆ రోజే అంబుడ్స్‌మన్‌కు, రాష్ట్ర ఆరోగ్య శాఖకు ఫిర్యాదు చేసి లాయరును కలవాలి. దావా వేసే గడువు కొన్ని రాష్ట్రాల్లో ఏడాదే. మన దేశంలో వృద్ధుల సహాయానికి 14567 నంబరుంది. అమెరికాలో హోంలో చేర్చే రోజున ఇచ్చే కాగితాల్లో మధ్యవర్తి ఒప్పందం ఎక్కడుందో వెతికి, దాని మీద సంతకం పెట్టకండి.