తల్లిపాలు, ఉబ్బసము: ఒక ప్రశ్న చరిత్ర

ఎలర్జీ అను పదమును 1906లో వియన్నా నగరపు శిశువైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే సృష్టించెను. ఇతరులకు హాని చేయని పదార్థము కొందరి శరీరమున విపరీత ప్రతిక్రియ కలిగించుటను నేడు ఎలర్జీ అందురు. ఎగ్జిమా అను చర్మవ్యాధికిని, ఉబ్బసమునకును దీనితో సంబంధము కలదు.

మరి శిశువు త్రాగు పాలకును ఈ వ్యాధులకును సంబంధమున్నదా? 1936లో చికాగో వైద్యులు గ్రూలీ, శాన్‌ఫర్డులు 20,061 మంది శిశువుల వివరములను ప్రకటించిరి. తల్లిపాలు త్రాగినవారికంటె ఆవుపాలతో పెరిగినవారిలో ఎగ్జిమా ఏడు రెట్లు అధికముగా కనబడెను. ఆవుపాల ప్రోటీనులు శిశువునకు పరాయివి కనుక, ఈ ఫలితము సహజముగనే తోచెను.

తరువాతి పరిశీలనలు మాత్రము ఏకముఖముగా లేవు. అమెరికాలోని టూసాన్ నగరమున 1980లో ఆరంభమైన పరిశీలనలో, తల్లిపాలు త్రాగిన శిశువులకు మొదటి నాలుగు నెలలలో పిల్లికూతలు తక్కువగా నుండెను. న్యూజిలాండులోని డునెడిన్‌లో 1972–73లో పుట్టినవారిని పెద్దవారగువరకు గమనింపగా, తల్లిపాలు త్రాగినవారిలోనే ఉబ్బసము అధికమని 2002లో తేలినది!

ఈ వైరుధ్యమును అర్థము చేసికొనుటకు రెండు విషయములు తెలియవలెను. మొదటిది: పిల్లికూతలన్నియు ఉబ్బసము కావు. పసివారి శ్వాసనాళములు మిక్కిలి సన్ననివి. వైరసు సోకి అవి వాచినచో ఊపిరి కూతపెట్టును. తల్లిపాలలోని ప్రతిరక్షకములు ఇట్టి అంటువ్యాధులను తగ్గింపగలవు. రెండవది: ఎలర్జీలున్న కుటుంబపు తల్లి, బిడ్డకు అవి రాకుండుటకై ఎక్కువకాలము పాలీయవచ్చును. అప్పుడు వంశమునుండి వచ్చిన వ్యాధి పాలవలన వచ్చినట్లు కనబడును.

ఈ చిక్కును విడదీయవలెనన్న చీట్లు వేసి శిశువులను రెండు వర్గములు చేయవలెను. కాని ఒక బిడ్డకు తల్లిపాలు మాన్పించుట న్యాయమా? కెనడా శాస్త్రజ్ఞుడు మైకేల్ క్రామర్ బృందము ఇందుకొక ఉపాయము పన్నెను. 1996–97లో బెలారస్ దేశమున వారు శిశువులను కాక, 31 ప్రసూతి ఆసుపత్రులను చీట్లతో విభజించిరి. ఒక వర్గపు ఆసుపత్రులలో, పాలిచ్చుట కొనసాగించునట్లు తల్లులకు తోడ్పడు పద్ధతిని నేర్పిరి. రెండవ వర్గమున వాడుకపద్ధతినే ఉంచిరి. 17,046 మంది తల్లులు, బిడ్డలు ఇందు పాల్గొనిరి. మూడవ నెలలో కేవలము తల్లిపాలే త్రాగువారు మొదటి వర్గమున నూటికి 43.3, రెండవ వర్గమున 6.4 మాత్రమే.

ఫలితములు గమనింపదగినవి. మొదటి సంవత్సరమున ఎగ్జిమా నూటికి 6.3 నుండి 3.3కు, జీర్ణకోశపు అంటువ్యాధులు 13.2 నుండి 9.1కి తగ్గెను. కాని ఆ పిల్లలకు ఆరున్నర యేండ్లు వచ్చునప్పటికి ఉబ్బసమున తగ్గుదల కనబడలేదని 2007లో ప్రకటించిరి.

కనుక తల్లిపాలు ఉబ్బసమును నివారించునని గట్టిగా చెప్పుటకు వీలులేదు. ఉబ్బసము వచ్చిన బిడ్డ తల్లి, తన పాలు చాలకపోవుటవలననే ఇట్లయినదని బాధపడ నవసరము లేదు. అట్లని తల్లిపాల విలువ తగ్గదు. అంటువ్యాధులనుండి అవి ఇచ్చు రక్షణ బెలారస్ లెక్కలలోనే స్పష్టముగా నున్నది.