వేటకు దాచిన అడవి: పోచారం

సిద్దిపేట సీమలో చెరువులకు కొదువ లేదు, గుట్టలకు కొదువ లేదు. విశాలమైన అడవిని చూడవలెనన్న మాత్రము పడమటి దిక్కుగా కొంత ప్రయాణము చేయవలెను. రామాయంపేట మీదుగా మెదకు చేరి, అచటినుండి ఇంచుమించు 15 కిలోమీటర్లు పోయినచో పోచారం జలాశయమును, దానిని ఆనుకొనిన అడవియును కనబడును. 2016 అక్టోబరులో జిల్లాలు విభజింపబడువరకు సిద్దిపేటయు మెదకు జిల్లాలోనిదే కనుక, ఇది నిన్నమొన్నటివరకు మన జిల్లా అడవియే. నేడు ఈ అభయారణ్యము మెదకు, కామారెడ్డి జిల్లాలలో సుమారు 130 చదరపు కిలోమీటర్లు వ్యాపించియున్నది.

టేకు, మద్ది, తునికి, మోదుగ చెట్ల నడుమ నిలుచున్నవారికి ఇది మానవుని చేయి సోకని అరణ్యమనియే తోచును. అది నిజము కాదు. చుట్టును ఉన్న నేల నాగటిక్రిందికి వచ్చి, కలప బండ్లకెక్కి పోయిన కాలములో ఈ అడవి మిగిలియుండుటకు కారణము, దీనిని ఒకరు కావాలని మిగుల్చుటయే. ఆ ఒకరు హైదరాబాదు నిజాం ప్రభువు. మిగిల్చినది వేటకొరకు.

ఆనాటి సంస్థానములో వేట వట్టి వినోదము కాదు, రాజమర్యాదలలో ఒకటి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటలో పేరుపొందినవాడు. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు హైదరాబాదు రాజ్యమునకు వచ్చినప్పుడు వేట ఏర్పాటుచేసినారు. చచ్చిన పులి ముందు కర్జన్ దంపతులు నిలిచియున్న ఛాయాచిత్రము రాజా దీన్‌దయాళ్ చిత్రశాలనుండి వెలువడి నేటికిని ప్రచారములో ఉన్నది. అట్టి చిత్రములలో తుపాకి పట్టినవారే ముందు కనబడుదురు. డప్పులు మ్రోగించుచు, కేకలు వేయుచు, పొదలనుండి మృగమును తుపాకి యెదుటికి తోలినవారు గ్రామస్థులు. వెట్టిచాకిరి యేమిటో ఎరిగిన తెలంగాణమువారికి ఆ శ్రమకు ముట్టిన కూలి ఎంతయో వేరుగా చెప్పనక్కరలేదు.

పోచారం కట్ట ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలమునాటిది. మంజీరలో కలియు వాగునకు అడ్డముగా 1916లో పని మొదలుపెట్టి 1922 నాటికి ముగించినారు. కట్టినది పొలముల సాగుకొరకు. కాని ఆకురాల్చు అడవికి వేసవిలో నీటి ఆధారమును చూపినదియు అదియే. ఎండలు ముదిరి వాగులు ఇంకిపోయినప్పుడు మృగములు ఎటు పోవలెను? అడవిలోని ప్రాణులు ఎన్ని నిలువగలవో నిర్ణయించునది చెట్లకంటె నీరే. రైతు కొరకు ఎత్తిన కట్ట దుప్పికిని అక్కరకు వచ్చినదనుట అతిశయోక్తి కాదు.

1948లో సంస్థానము భారతదేశములో విలీనమైనది. 1952లో ఎన్నికైన ప్రభుత్వము ఏర్పడినది. ఆ సంవత్సరమే పోచారం అభయారణ్యముగా ప్రకటింపబడినది. వన్యప్రాణుల విషయమున కేంద్రమునకు సలహాలిచ్చు జాతీయమండలియు అదే ఏడాది వెలసినది. అమెరికాలో ఎల్లోస్టోన్ ఉద్యానమునకు 1872లోను, మన హిమాలయపాదమున నేడు కార్బెట్ పేరుగల ఉద్యానమునకు 1936లోను కలిగిన రక్షణవంటిదే ఇది. అంతకుముందు పోచారమునకు రక్షణ లేకపోలేదు. ఆ రక్షణ తుపాకి కొరకు. 1952 తరువాతి రక్షణ తుపాకినుండి. అడవి అదే, కంచె అదే, అర్థము మాత్రము తిరుగబడినది.

అయితే కంచెకు వెలుపలనున్న పల్లెవానికి ఈ మార్పు అంత స్పష్టముగా కనబడినదా యన్నది ప్రశ్న. పశువులను మేపుకొనుటకు, కట్టెలు ఏరుకొనుటకు అడ్డుపడిన జవాను రాజుగారి నౌకరైనను, ప్రజాప్రభుత్వ ఉద్యోగియైనను వానికి ఒకటే. 1940లో ఆదిలాబాదు అడవులలో జోడేఘాటు కడ కొమురం భీము ప్రాణమొడ్డినది ఈ అడవి హక్కుకే కదా! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ సంగతిని కొంత గుర్తించినది. జాతీయోద్యానములో పశువుల మేపు నిషిద్ధము. అభయారణ్యములో కొన్ని హక్కులను కొనసాగనిచ్చుటకు వీలున్నది. పోచారము రెండవ తరగతిలోనిది. ఈ భేదము చట్టము చదువువారికి చిన్నదిగా తోచవచ్చును. నాలుగు మేకలున్న ఇంటికి అది కూటి సంగతి.

చూడబోవువారు పులి కొరకు పోనక్కరలేదు. నిజాముల వేటలో మొదటి మర్యాద దానిదే. మొదట పోయినదియు అదియే. ఎక్కడనుండియో వచ్చి దారితప్పిన పులి అడుగుజాడ ఈ ప్రాంతమున కనబడవచ్చునేమో గాని, పోచారము నేడు దానికి కాపురపుచోటు కాదు. చిరుతపులి, ఎలుగుబంటి, తోడేలు, రేచుకుక్క ఉన్నవి. అవి మనకు కనబడుటకంటె మనలను చూచుటయే ఎక్కువ. చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, నాలుగు కొమ్ముల కొండగొర్రె ఈ అడవి సొత్తు. ఓపిక లేనివారికి జింకల పెంపకకేంద్రము ఉన్నది. అయినను కంచెలోని దుప్పిని చూచుట వేరు, తెల్లవారుజామున గడ్డిలో తల యెత్తి మనవైపు చెవి నిక్కించిన దుప్పిని చూచుట వేరు.

పక్షులు కావలసినవారు శీతకాలమున పోవలెను. తలమీద రెండు నల్లని చారలుగల పెద్దబాతులు హిమాలయములు దాటి వచ్చి ఈ నీటిపై వ్రాలును. మృగములు కావలసినవారు ఎండకు ఓర్చి, ఆకులు రాలిన పిమ్మట, వేసవి మొదట బయలుదేరుట మేలు. అప్పుడు అడవిలో చాటు తక్కువ. దప్పికగొన్న ప్రతి ప్రాణియు సాయంవేళ ఆ 1922 నాటి కట్ట నిలిపిన నీటికే దిగివచ్చును.