పైథాన్ డిక్షనరీ కీలు, సెట్లు

పైథాన్ కంప్యూటరు భాషలో సమాచారాన్ని భద్రపరచే నిర్మాణాలలో డిక్షనరీ, సెట్ ముఖ్యమైనవి. డిక్షనరీలో ప్రతి విలువకూ గుర్తుగా ఒక కీ ఉంటుంది. సెట్ అనగా గణితంలోని సమితి. ఇందులో ఏ మూలకమూ రెండుసార్లు రాదు. డిక్షనరీలో కూడా ఒకే కీ రెండుసార్లు ఉండదు. కనుక కీల సముదాయం సమితివలెనే ప్రవర్తిస్తుంది.

చరిత్ర

గైడో వాన్ రోసమ్ రూపొందించిన పైథాన్ 1991లో తొలిసారి విడుదలైనది. సెట్ 2003లో ప్రత్యేక మాడ్యూలుగా వచ్చి, 2004లో వెలువడిన 2.4 వెర్షనులో భాషలో అంతర్భాగమైనది. పైథాన్ 2లో 'కీస్' మెథడ్ కీలను లిస్టుగా ఇచ్చేది. 2008 నాటి 3.0 వెర్షను నుండి అది 'వ్యూ'ను ఇస్తున్నది. డిక్షనరీలో తరువాత జరిగే మార్పులు కూడా వ్యూలో కనిపిస్తాయి. 2018లో వచ్చిన 3.7 నుండి కీలు చేర్చిన వరుసలోనే ఉంటాయని భాష హామీ ఇస్తున్నది. సెట్‌కు అట్టి హామీ లేదు.

పనిచేసే విధానం

కీ నుండి హ్యాష్ అనే పూర్ణాంకాన్ని లెక్కించి, దాని ఆధారంగా స్థానాన్ని నిర్ణయిస్తారు. లక్ష పేర్ల లిస్టులో లేని పేరును వెదికితే లక్ష పోలికలు అవసరం. సెట్‌లోనైతే సగటున కొద్దిపాటి పోలికలు చాలును. హ్యాష్ మారితే స్థానం తప్పుతుంది కనుక, మార్చడానికి వీలైన లిస్టు కీగా పనికిరాదు. సంఖ్యలు, స్ట్రింగులు పనికివస్తాయి. టపుల్‌లోని మూలకాలన్నీ ఇట్టివే అయితే అదికూడా పనికివస్తుంది. 1, 1.0 సమానములు కనుక ఒకే కీగా పరిగణింపబడతాయి.

సమితి పరిక్రియలు

రెండు పరీక్షల మార్కులు, విద్యార్థుల పేర్లు కీలుగా రెండు డిక్షనరీలలో ఉన్నాయనుకుందాం. కీల వ్యూల ఛేదనం రెండు పరీక్షలూ వ్రాసినవారిని తెలుపుతుంది. మొదటి దాని నుండి రెండవ దానిని తీసివేస్తే రెండవ పరీక్షకు రానివారు తెలుస్తారు. సమ్మేళనం కనీసం ఒక పరీక్ష వ్రాసినవారందరినీ ఇస్తుంది. ఫలితం ప్రతిసారీ కొత్త సెట్‌గా లభిస్తుంది.

జాగ్రత్తలు

* ఖాళీ మీసాల బ్రాకెట్లు డిక్షనరీని సూచిస్తాయి, సెట్‌ను కాదు.
* డిక్షనరీ కీలపై లూపు నడుస్తుండగా కీలను తొలగిస్తే దోషం వస్తుంది. ముందుగా కీలను లిస్టుగా మార్చుకొనవలెను.
* తెలుగు ఐత్వాన్ని యూనీకోడ్‌లో ఒకే సంకేతంగానో, ఎత్వం, దాని క్రింది గుర్తు అనే రెండు సంకేతాలుగానో వ్రాయవచ్చును. 'శైలజ' అన్న పేరు రెండు విధాలా కంటికి ఒకటే, పైథాన్‌కు మాత్రం రెండు వేర్వేరు కీలు. అప్పుడు పరీక్ష వ్రాసిన విద్యార్థిని రానివారి జాబితాలో చేరుతుంది. 'యూనీకోడ్‌డేటా' మాడ్యూలులోని 'నార్మలైజ్' ఫంక్షనుతో పేర్లన్నిటినీ ముందే ఒకే రూపానికి తెస్తే ఈ పొరపాటు తప్పుతుంది.