కేసముద్రం నుంచి కుక్కునూరు దాకా: ఊరి సేవకు కట్టిన ధర

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే దారిలో నెక్కొండ దాటాక, మానుకోటకు ముందు వచ్చే స్టేషన్ కేసముద్రం. వడ్లు, మక్కలు, పత్తి బండ్లతో నిండే మార్కెట్ యార్డు, చుట్టూ పల్లెలు, లంబాడా తండాలు. ఇక్కడ ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ఇద్దరు ఆడవాళ్లు తప్పకుండా ఆ గడప తొక్కుతారు. ఒకరు ఆశా కార్యకర్త, ఇంకొకరు అంగన్‌వాడీ టీచర్. ఇద్దరూ బిడ్డ బరువు చూస్తారు, టీకాల తేదీ గుర్తుచేస్తారు, తల్లి ఏం తింటోందో అడుగుతారు. జీతాల దగ్గరకు వచ్చేసరికి దారులు వేరవుతాయి. 2021 నాటి 30 శాతం పెంపుతో టీచర్‌కు నెలకు 13,650 రూపాయలు, ఆశాకు 9,750 వచ్చాయి. పక్క తండాలో మినీ అంగన్‌వాడీ కేంద్రం నడిపే ఆమెకు 7,800 మాత్రమే.

ఈ తేడా పని బరువును బట్టి వచ్చింది కాదు. పేరు ఏ శాఖ రిజిస్టర్‌లో ఉంది, ఊరు ఏ రాష్ట్రంలో పడింది, ఏ ఏడాది ఎవరు సమ్మె చేశారు అన్నవాటిని బట్టి వచ్చింది. దాని వెనుక డెబ్భై ఏళ్ల చరిత్ర ఉంది.

సర్కారు జీతాలు ఊళ్లలోకి రాకముందు కాన్పు చేసేది మంత్రసాని. ఎక్కువగా మంగలి, చాకలి, దళిత కుటుంబాల ఆడవాళ్లే ఆ పని చేసేవారు. ప్రతిఫలం కుంచాల వడ్లు, ఒక చీర, రవిక గుడ్డ, కొన్ని చిల్లర డబ్బులు. ఇంటి స్తోమతును బట్టి, పంటను బట్టి అది మారేది. అడిగి తీసుకునే హక్కు లేదు, ఇచ్చినంత పుచ్చుకోవడమే.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పనికి సర్కారు ఖజానా నుంచి డబ్బు రావడం మొదలైంది. అందులో ఒక తెలుగు మహిళ పాత్ర పెద్దది. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. అంతకు ముందే మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టిన అనుభవం ఆమెది. కొన్ని ఊళ్లను ఒక ప్రాజెక్టుగా కలిపి, బాలవాడి నడపడానికి, కాన్పులు చూడడానికి, చేతిపని నేర్పడానికి గ్రామసేవికలను పెట్టిన విస్తరణ పథకాలు ఆ బోర్డు చేతుల మీదుగానే మొదలయ్యాయి. ఊరి ఆడదానికి ఊరి సేవ కోసం నెల నెలా డబ్బివ్వడం అలా అలవాటైంది. ఆ డబ్బు ఉద్యోగికి ఇచ్చే జీతమా, స్వచ్ఛంద సేవకురాలికి ఇచ్చే చేయూతా అన్నది మాత్రం అప్పుడే తేల్చలేదు. ఆ తేల్చకపోవడమే తర్వాతి కథకంతా మూలం.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే ఐసీడీఎస్, దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. మెట్రిక్ పాసైన అంగన్‌వాడీ కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, పాస్ కానివారికి 100, ఆయాకు 35. చదువును బట్టి తేడా చూపిన ఆ పద్ధతి చాలా ఏళ్లు నడిచింది. 1978లో 175, 125 అయ్యాయి. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఒక్క పైసా కదల్లేదు. 1986లో 275, 225. 1992లో 400, 350. 2002లో వెయ్యి దాకా వచ్చింది. 2011 ఏప్రిల్‌లో 3,000 చేసి, మళ్లీ ఏడేళ్లు ఆపి, 2018 అక్టోబరు నుంచి 4,500 చేశారు. కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం ఇది. ఇందులోనూ కేంద్రం పెట్టేది 60 శాతం, అంటే 2,700 రూపాయలు. కేసముద్రం టీచర్ అందుకునే 13,650లో మిగతా 10,950 రాష్ట్రానిదే. రాష్ట్రానికో జీతం ఎందుకుందో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. కేంద్రం నేల చదును చేసి వదిలేసింది, గోడలు ఎంత ఎత్తు లేపాలన్నది ఒక్కో రాష్ట్రం చూసుకుంది.

ఆరోగ్య శాఖ ఇంకో దారి పట్టింది. 1977లో జనతా ప్రభుత్వం ఊరికొక ఆరోగ్య కార్యకర్తను పెట్టి నెలకు 50 రూపాయలు ఇచ్చింది. ఆ ఏర్పాటు క్రమంగా నీరసించింది. 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాక ఆశాలు వచ్చారు. వెయ్యి జనాభాకు ఒకరు, గిరిజన ప్రాంతాల్లో గూడేనికో తండాకో ఒకరు. వీరికి నెల జీతం కాకుండా పనికింత అని కట్టారు.

ఆశా నెలాఖరున పీహెచ్‌సీలో ఇచ్చే క్లెయిమ్ ఫారం చూస్తే ఈ పద్ధతి ఏమిటో అర్థమవుతుంది. పల్లెలో గర్భిణికి పరీక్షలన్నీ చేయిస్తే 300, సర్కారు దవాఖానలో కాన్పు అయితే ఇంకో 300. కాన్పయ్యాక 42 రోజుల్లో ఇంటికి ఆరేడుసార్లు వెళ్లి తల్లినీ బిడ్డనూ చూస్తే అన్నిటికీ కలిపి 250. ఏడాదిలోపు టీకాలన్నీ పూర్తయితే 100. ఒక్కో వరుసకు ఒక్కో రుజువు, ఏఎన్‌ఎం సంతకం. తొమ్మిది నెలలు వెంట తిరిగిన గర్భిణి కాన్పుకు పుట్టింటికి, ఇంకో మండలానికి వెళ్లిపోతే రెండో 300 పోయినట్టే. దవాఖాన దూరమైన తండాలో పని ఎక్కువ, కాన్పులు తక్కువ. అక్కడి ఆశాకు వచ్చేదీ తక్కువే. ఈ ముక్కల లెక్క కాకుండా ఫిక్స్‌డ్ వేతనం ఇవ్వాలని తెలంగాణ ఆశాలు 2015లో వంద రోజులకు పైగా సమ్మె చేశారు. 2017లో రాష్ట్రం 6,000 ఇస్తామంది. అది 7,500 అయింది, తర్వాత 9,750 అయింది. పారితోషికాల లెక్క మాత్రం పూర్తిగా పోలేదు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. ఫిక్స్‌డ్ వేతనం కోసం ధర్నాలు ఆ తర్వాతా ఆగలేదు.

రాష్ట్రం విడిపోయాక కథ మలుపు తిరిగింది. 2014 నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటా అంగన్‌వాడీ కార్యకర్తకు 4,200, ఆయాకు 2,200. ఖమ్మం జిల్లాలోని ఏడు పోలవరం ముంపు మండలాలు ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరిలో కలిశాయి. అక్కడి కార్యకర్త ఊరు మారలేదు, కేంద్రం మారలేదు, పిల్లలూ వాళ్లే. జీతం ఇచ్చే సర్కారు మాత్రం మారింది. 2015లో తెలంగాణ 7,000 చేసింది, ఆంధ్రలో ఆ అంకె 2016లో వచ్చింది. 2017లో తెలంగాణ 10,500 చేస్తే ఆంధ్ర 2018లో అందుకుంది. మధ్యలో ఉన్న కాలమంతా సరిహద్దు గీతకు అటున్నవారికి ఇటున్నవారికి నెలకు 2,800, ఆ తర్వాత 3,500 తేడా.

2019లో ఆంధ్రలో జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం అంగన్‌వాడీలకు 11,500 చేసి, ఆశాలకు ఒకేసారి 10,000 ఇచ్చింది. 2021లో తెలంగాణ 30 శాతం పెంచడంతో అంగన్‌వాడీ జీతం 13,650 అయి మళ్లీ పైకి వెళ్లింది. విచిత్రం ఇక్కడే ఉంది. అంగన్‌వాడీ అయితే తెలంగాణలో 2,150 ఎక్కువ, ఆశా అయితే ఆంధ్రలో 250 ఎక్కువ. ఒకే భాష, ఒకే పని, ఒకే రకం ఊళ్లు. రెండు శాఖలు, రెండు సర్కార్లు కలిసి నాలుగు ధరలు కట్టాయి.

తెలంగాణ కన్నా వెయ్యి ఎక్కువ ఇస్తామన్న జగన్ పాదయాత్ర హామీని గుర్తుచేస్తూ ఆంధ్ర అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగారు. జనవరి 6న ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించినా కదల్లేదు. 42 రోజుల తర్వాత జనవరి 22 రాత్రి సమ్మె ముగిసింది. అంతకు ముందు, 2023 సెప్టెంబరులోనే తెలంగాణ అంగన్‌వాడీలూ కేంద్రాలకు తాళాలు వేసి రోడ్డెక్కారు. ఎన్నికలు దగ్గరపడిన వేళ కాంగ్రెస్ మేనిఫెస్టోలో 18,000 రూపాయల హామీ చోటు చేసుకుంది. చాలా పెంపులకు ముందొక సమ్మె కానీ ఎన్నిక కానీ కనిపిస్తుంది. పే కమిషన్ కూర్చుని పని విలువ కట్టి ఇచ్చిన స్కేలు ఒక్కటీ లేదు.

తండాల కథ మరీ అన్యాయం. గిరిజన ఆవాసంలో జనాభా 150 నుంచి 300 లోపు ఉంటే మినీ కేంద్రమే ఇచ్చేవారు. దానికి ఆయా ఉండేది కాదు. ఊడ్చడం, వండడం, గుడ్లు పంచడం, బరువు తూచి చార్టులో చుక్క పెట్టడం, పిల్లలకు పాట చెప్పడం, ఫోన్ యాప్‌లో వివరాలు ఎక్కించడం అన్నీ ఒక్కరే. ఇద్దరి పని చేసినా జీతం మాత్రం పెద్ద కేంద్రంలోని ఆయాతో సమానంగా 7,800 ఉండేది. తెలంగాణలోని 35,700 కేంద్రాల్లో ఇలాంటివి 3,989 ఉండేవి. వీటన్నింటినీ పూర్తిస్థాయి కేంద్రాలుగా మార్చాలని 2023లో నిర్ణయం జరిగింది.

కేసముద్రం ఉన్న పాత వరంగల్ జిల్లాలోనే భూపాలపల్లి వైపు వెళ్తే సంక్షేమ పనికి ఇంకో ధర కనిపిస్తుంది. కాకతీయ ఖని పేరుతో సింగరేణి గనులున్న ఊరది. 500 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి గనిలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండి తీరాలని 1955 నాటి గనుల నియమాలు చెప్పాయి. సోషల్ వర్క్‌లో పీజీ, అంటే ఎంఎస్‌డబ్ల్యూ, చదివినవారు పోటీపడేది ఈ కొలువుకే. కార్మికుడి సెలవు, క్వార్టర్, దవాఖాన, పిల్లల బడి ఈ ఆఫీసర్ చూస్తారు. అధికారి హోదా, స్కేలు, పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ ఉంటాయి. చదువు తేడా నిజమే. కానీ అసలు తేడా చట్టంలో ఉంది. గని యాజమాన్యం మీద చట్టం బాధ్యత పెట్టింది, అంగన్‌వాడీ కొలువు మాత్రం పథకం మీద నడుస్తోంది.

కోర్టులూ ఈ ముడి పూర్తిగా విప్పలేదు. అంగన్‌వాడీలది సివిల్ పోస్టు కాదని 2006లో అమీర్బీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఏప్రిల్ 25న గుజరాత్‌కు చెందిన మణిబెన్ కేసులో వాళ్లకు 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని అదే కోర్టు తేల్చింది. ఈ రెండింటి మధ్య, 2013 మేలో జరిగిన 45వ భారత కార్మిక సదస్సు పథకాల కింద పనిచేసే వారిని కార్మికులుగా గుర్తించి, కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ముగ్గురూ కూర్చున్న సదస్సు అది.

శాఖను బట్టి జీతం మారడం అమెరికాలోనూ ఉంది. 2023లో అక్కడి ఆరోగ్య రంగ సోషల్ వర్కర్ల మధ్యస్థ వార్షిక జీతం 62,940 డాలర్లు. పిల్లలు, కుటుంబాలు, బడులు చూసేవారిది 53,940. కాకపోతే వాళ్లిద్దరినీ అక్కడి చట్టం ఉద్యోగులుగానే చూస్తుంది. అంత దూరం ఎందుకు, పొరుగున ఉన్న తమిళనాడు అంగన్‌వాడీలకు ప్రత్యేక టైమ్ స్కేలు పెట్టింది. ఆ పని కేంద్రం కోసం ఆగకుండా ఒక రాష్ట్రం చేయగలిగిందే. 13,650లో 10,950 ఇప్పటికే భరిస్తున్న తెలంగాణ, అంగన్‌వాడీకీ ఆశాకూ కలిపి ఒక స్కేలు రాసి, సర్వీసును బట్టి ఇంక్రిమెంటు కట్టాలి. ఐసీడీఎస్‌కు యాభై ఏళ్లు నిండాయి. ఈ పని ఇంకా తాత్కాలికమని చెప్పడానికి ఏ సర్కారుకూ సాకు మిగల్లేదు.