పదిహేను వేల ఏళ్ళ నాటి పంటిపోటు

మొన్న దసరాకి వారం ముందు నా కుడి బుగ్గ బూరెలా పొంగింది. నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోలేదు. అన్నం మెత్తగా పిసికి మజ్జిగ పోసుకుని మింగుతుంటే మా అమ్మాయి చూసింది. "ఇది ఎన్నాళ్ళ నుంచమ్మా?" అని అడిగింది.

నిజం చెప్పాలంటే మూడేళ్ళ నుంచి. మొదటిసారి నొప్పి వచ్చినప్పుడు దాని ఇంటర్ పరీక్షలు. రెండోసారి మామగారి కంటి ఆపరేషన్. ఆ తర్వాత మరిది పెళ్ళి. ప్రతిసారీ ఒక లవంగం బుగ్గన పెట్టుకోవడం, ఉప్పునీళ్ళు పుక్కిలించడం, ఓ మాత్ర వేసుకోవడం, తగ్గగానే మర్చిపోవడం. మనందరికీ అలవాటైన వైద్యమే కదండీ!

ఈసారి అమ్మాయి ఊరుకోలేదు, డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఎక్స్‌రేలో చివరి దవడ పన్ను నిటారుగా లేదు, పక్క పన్నుని తలతో పొడుస్తున్నట్టు అడ్డంగా పడుకుని ఉంది. జ్ఞానదంతం అన్నారు. సగం బయటికొచ్చి ఆగిపోయింది. దాని మీద కప్పుకున్న చిగురు కింద అన్నం మెతుకులు ఇరుక్కుని చీము పట్టిందట. "ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకున్నారమ్మా?" అన్నారాయన. నేను కొంచెం గర్వంగానే నవ్వాను. "మెచ్చుకోవడం కాదండీ, ఈ పన్ను ఆనుకుని ఉండి పక్కనున్న మంచి పన్ను కూడా పుచ్చిపోయింది. అప్పుడే వచ్చి ఉంటే అది దక్కేది" అన్నారు. నా ఓర్పు ఖరీదు ఒక మంచి పన్ను అన్నమాట. రెండూ తీసేశారు.

తర్వాత మూడు రోజులు మాట్లాడకూడదు, కారం తినకూడదు, గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా నిలబడాలి, అది ఊడిందంటే నొప్పి మొదటికి వస్తుందట. చేతిలో ఐసుక్రీము, ఒళ్ళో ఫోను. ఈ పన్ను సంగతేమిటో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నా కథ కొత్తదేం కాదని తెలిసింది.

ఫ్రాన్స్‌లో కాప్ బ్లాంక్ అని ఒక కొండచరియ ఉంది. అక్కడ 1911లో ఒక అస్థిపంజరం దొరికింది. వయసు సుమారు పదిహేను వేల ఏళ్ళు, మంచుయుగం నాటిది. 1926లో అమెరికాలో షికాగో నగరంలోని ఫీల్డ్ మ్యూజియం దాన్ని కొనుక్కుంది. జ్ఞానదంతాలు బయటికి రాలేదు కాబట్టి అది చిన్నపిల్ల అనుకున్నారు. "మాగ్దలేనియన్ అమ్మాయి" అని పేరు పెట్టారు. జ్ఞానదంతాలు వచ్చేది పదిహేడు, పాతికేళ్ళ మధ్య కాబట్టి ఆ లెక్క సబబుగానే కనిపించింది.

ఎనభై ఏళ్ళ తర్వాత, 2006లో, ఎక్స్‌రేలు తీసి మళ్ళీ పరిశీలించారు. ఆమె చిన్నపిల్ల కాదు, పాతికకీ ముప్ఫై అయిదుకీ మధ్య వయసున్న నిండు మనిషి. జ్ఞానదంతాలు రాకపోవడం కాదు, వచ్చే దారిలేక దవడ ఎముకలోనే ఇరుక్కుపోయాయి. ఇలా ఇరుక్కున్న జ్ఞానదంతాల్లో తెలిసినంతవరకు అదే అతి పాతదని మ్యూజియం ప్రకటించింది.

ఇది చదివి ఐసుక్రీము పక్కన పెట్టేశాను. ఎనభై ఏళ్ళపాటు ఎంతోమంది అద్దాల పెట్టె ముందు నిలబడి ఆమెని చూశారు. అసలు సంగతి మాత్రం ఆ దవడ లోపలే ఉండిపోయింది. ఆమెకి ఎంత నొప్పి పుట్టిందో ఎవరూ చెప్పలేరు. కానీ నా దవడ పట్టుకుని చూసుకుంటే ఆమె నాకు ఎవరో పరాయి మనిషిలా అనిపించలేదు.

ఈ పన్ను ఎందుకు ఇరుక్కుంటుంది? మనిషి దవడ చిన్నదవుతూ వచ్చింది, పళ్ళు మాత్రం ముప్ఫై రెండే ఉన్నాయి. పచ్చి దుంపలూ, గట్టి మాంసమూ నమిలిన రోజుల్లో చివరి దవడ పళ్ళకి చేతినిండా పని. వండుకుని, దంచుకుని, రుబ్బుకుని తినడం మొదలయ్యాక నమిలే పని తగ్గింది. చిన్నతనంలో బాగా నమిలితేనే దవడ బాగా ఎదుగుతుందట. నాగరికత పెరిగినచోట జ్ఞానదంతాలు క్షీణిస్తున్నాయని డార్విన్ కూడా 1871లో రాశాడు. అంతా మన మిక్సీల పుణ్యమేనా అంటే, కాప్ బ్లాంక్ ఆవిడ ఇంట్లో రోలూ లేదు, మిక్సీ లేదు. ఆవిడకీ ఇరుక్కుంది.

ఇక "జ్ఞానం" అన్న పేరు. బుద్ధి వచ్చే వయసులో మొలిచే పన్ను కాబట్టి గ్రీకులూ, రోమన్లూ పెట్టిన పేరుకి మనది అనువాదం. ఈ పన్ను గురించి రాసిన పాతవాళ్ళలో పెద్ద జ్ఞాని అరిస్టాటిల్. రెండు వేల మూడు వందల ఏళ్ళ క్రితమే ఆయన, ఈ చివరి పళ్ళు మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా ఇరవై ఏళ్ళప్పుడు వస్తాయనీ, ఎనభై దాటిన కొందరు ఆడవాళ్ళకి కూడా చాలా నొప్పితో మొలిచాయనీ రాశాడు. బాగానే ఉంది. ఆ పుస్తకంలోనే ఇంకో మాట కూడా రాశాడు, ఆడవాళ్ళకి మగవాళ్ళకన్నా పళ్ళు తక్కువట! భార్యని ఒకసారి నోరు తెరవమని అడిగి లెక్కపెట్టుకుంటే సరిపోయేది కదా అని ఆ తర్వాత ఎప్పుడో బెర్ట్రాండ్ రస్సెల్ వేళాకోళం చేశాడు. నాకు నవ్వూ వచ్చింది, కుట్లూ లాగాయి.

పన్ను పీకడం ఒకప్పుడు ఎంత నరకమో ఊహించుకోవచ్చు. మత్తు లేదు. నలుగురు పట్టుకుంటే ఒకరు లాగడమే. మొదట్లో మత్తుని నమ్మినవాళ్ళలో ఒక పళ్ళ డాక్టరూ ఉన్నాడు. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఊళ్ళో హొరేస్ వెల్స్ అనే అతను 1844 డిసెంబరులో ఒక వినోద ప్రదర్శనకి వెళ్ళాడు. నవ్వించే గ్యాసు పీల్చిన ఒకతను కాలికి దెబ్బ తగిలినా తెలియకుండా తిరగడం చూశాడు. మర్నాడే ఆ గ్యాసు తాను పీల్చి, తోటి డాక్టరు చేత తన దవడ పన్నే పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. తర్వాతి నెలలో బోస్టన్‌లో నలుగురి ముందు చేసి చూపిస్తే రోగి కేక పెట్టాడు, చూడవచ్చినవాళ్ళు మోసమని గేలి చేశారు. ఆ మనిషి ముప్ఫై మూడేళ్ళకే జైల్లో ప్రాణం తీసుకున్నాడు. ఈథరుతో పేరు మరొకరికి వచ్చింది.

మన హైదరాబాదుకీ ఈ కథలో చోటుంది. క్లోరోఫాం మత్తు ప్రమాదమా కాదా తేల్చడానికి 1888, 1889లలో నిజాం ఖర్చుతో రెండు సంఘాలు హైదరాబాదులోనే పరీక్షలు చేశాయి. ఆ రోజుల్లోనే రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్సీ అమ్మాయి హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదివి, అక్కడి ఆసుపత్రుల్లో రోగులకి క్లోరోఫాం ఇచ్చే డాక్టరుగా పనిచేసింది. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరు ఆమే అంటారు. ఎదుటివాళ్ళ నొప్పి ఆపే పని మన ఊళ్ళో ఒక ఆడమనిషి అంత ముందే చేసిందంటే నాకెంతో సంతోషమేసింది.

నా దవడకి ఇచ్చినది ఒళ్ళంతా మత్తు కాదు, ఒక వైపు మొద్దుబారే సూది. కింది దవడ నరం దగ్గర అలా సూది వేయడం 1884లో న్యూయార్కులో హాల్‌స్టెడ్ మొదలుపెట్టాడు, అదీ కొకైన్‌తో. పాపం, ఆ ప్రయోగాల్లోనే ఆయనకి కొకైన్ అలవాటైపోయింది. ఇప్పుడు వాడే లిడోకైన్ 1943లో స్వీడన్‌లో తయారైంది. ఇంతమంది కష్టం ఆ ఒక్క సూదిలో ఉంది. నేను భయపడినదంతా చీమకుట్టినంత సేపు కూడా లేదు.

మా అమ్మమ్మకి ఆ సూది అందలేదు. దవడ వాచినప్పుడల్లా వేడి ఉప్పు మూట కాపడం పెట్టుకుని, తలకి గుడ్డ కట్టుకుని పదిమందికీ వడ్డించేది. "అమ్మమ్మకి పంటిపోటు" అనుకునేవాళ్ళం, జలుబు అన్నట్టుగా. నాకు తెలివి వచ్చేసరికి ఆవిడకి దవడ పళ్ళే లేవు. జంతికలు చేసి మా అందరికీ పెట్టేది, తను మాత్రం నీళ్ళలో నానబెట్టుకుని తినేది. అది ఆవిడ ఇష్టం అనుకున్నాం. ఇష్టం కాదని నాకు ఇప్పుడు, ఈ వయసులో తట్టింది.

కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళినప్పుడు అమ్మాయికి కూడా దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే తీయించాను. దాని జ్ఞానదంతాలు నాలుగూ నిటారుగా ఉన్నాయి. తీసేయాలా అని అడిగితే అక్కర్లేదన్నారు. బాధ పెట్టని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని ఇంగ్లండులో 2000లోనే నియమం పెట్టారట. నొప్పి, వాపు, చీము, పక్క పన్ను పాడవడం, ఇవి ఉంటేనే తీస్తారు. ఏడాదికోసారి చూపించుకుంటే చాలు.

ఇంటికొచ్చి అమ్మకి ఫోను చేశాను. "నీ పళ్ళు ఎలా ఉన్నాయే?" అంటే, "కుడివైపు నమలడం మానేసి రెండేళ్ళయింది, అరవై ఆరేళ్ళకి నాకెందుకే ఇవన్నీ" అంది. రెండేళ్ళ నుంచి వారం వారం మాట్లాడుతున్నాను. నేను అడగలేదు, తను చెప్పలేదు. వచ్చే సోమవారం తీసుకెళ్తున్నాను.

మీరు కూడా ఈ పూట పని కాగానే అద్దం ముందు నిలబడి నోరు తెరిచి చూసుకోండి. మీ అమ్మగారినీ, అత్తగారినీ ఏ వైపు నములుతున్నారో ఒక్కసారి అడగండి.