తాళపత్రము మొదలు వాట్సాప్ వఱకు

మన బనగానపల్లెలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు అచ్చమ్మగారి గోవులఁ గాచుచు, రవ్వలకొండ గుహలోఁ గాలజ్ఞానమును వ్రాసిరని ప్రతీతి. ఆ గ్రంథమునకు జనులు చేర్చిన ప్రక్షిప్తము లనేకములు. 2020లోఁ గరోనా ప్రబలినపుడు స్వామివారి పేర పద్యములు సెల్‌ఫోన్లలో ఊరూరఁ దిరిగెను. వానికి మాతృక యేదని యడిగినవారు మిక్కిలి యరుదు.

పూర్వము తాళపత్రలేఖకుఁడు గ్రంథాంతమునఁ దన పేరును, తిథివారములను తఱచుగా వ్రాసియుంచెడివాఁడు. ముద్రాయంత్రము వచ్చిన పిమ్మట 1867వ సంవత్సరపు చట్టము ప్రతి పుస్తకముపైనను, పత్రికపైనను ముద్రాపకుని పేరును, ముద్రణస్థలమును ఉండవలెనని శాసించెను. 1902లో బందరున వెలసిన కృష్ణాపత్రికయు, 1908లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన ఆంధ్రపత్రికయు స్వాతంత్ర్యోద్యమమును పెంచినవి. దొరలకుఁ గోపము వచ్చినచో నిలదీయుటకు సంపాదకుఁ డొకఁ డుండెను. ఎన్నికల కరపత్రముపై నేఁటికిని ముద్రాపకుని, ప్రకాశకుని పేర్లు ఉండవలసినదే.

ఫేస్‌బుక్కు 2004లోను, యూట్యూబు 2005లోను, ట్విట్టరు 2006లోను, వాట్సాప్ 2009లోను పుట్టినవి. 2016లో జియో వచ్చి డేటా చౌకయైన పిమ్మట పొలమునఁ బనిచేయువాని చేతికిని అందినవి. ఇది మేలే. 2025 జనవరి 30న మన రాష్ట్రప్రభుత్వము వాట్సాప్ ద్వారా 161 సేవల నారంభించినది. కాని అదే ఫోనులో వచ్చు సందేశమునకు లేఖకుఁడు లేఁడు, ముద్రాపకుఁడు లేఁడు. పుకార్లు నమ్మి జనులు అమాయకులను కొట్టి చంపిన పిమ్మటఁ గాని, 2018లో వాట్సాప్‌వారు ఒక సందేశమును ఒకేసారి ఐదుచోట్లకు మించి పంపకుండ మన దేశమునఁ గట్టడి చేయలేదు.

రాజకీయములలో దీని బలమెంత? నంద్యాలను చూడుఁడు. 2024 మే 11న, పోలింగునకు రెండు దినములు ముందు, నటుఁడు అల్లు అర్జున్‌గారు మిత్రుఁడగు అభ్యర్థి శిల్పా రవిచంద్రకిశోర్ రెడ్డిగారి యింటికి వచ్చిరి. ఆ జనసముద్రము అందఱి ఫోన్లలోను కనఁబడెను. నిబంధనోల్లంఘన మని కేసు పెట్టఁబడెను; నవంబరు 6న హైకోర్టు దానిని కొట్టివేసెను. ఓట్లు లెక్కింపఁగా గెలిచినవారు ఎన్.ఎం.డి. ఫరూక్‌గారు. వీడియో చూచినవారందఱును నంద్యాల ఓటర్లు కారు గదా!

మా యభిప్రాయమున అపాయము అట్టి బహిరంగదృశ్యములందుఁ గాదు, కులము పేర నడచు చిన్న గ్రూపులలోఁ గలదు. “మనవారందఱును ఫలానివారికే” అని కర్తలేని సందేశ మొకటి వచ్చెనేని, మనవారు దానిని సంఘతీర్మాన మనుకొందురు. పొరుగువారును అట్లే తలఁచి మనపైఁ గినుక వహింతురు. సభ జరిగిన తేదీయు, అధ్యక్షుని సంతకమును లేనిది తీర్మానము కానేరదు. కావున సంఘము పేర పంపు ప్రతి సందేశముపైనను తేదీని, పంపిన కార్యదర్శి పేరును వేయవలసినదిగా కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాము.