లెక్కల్లో దొరికే అమ్మమ్మలు

ఆడవాళ్ళ వయసూ, మగవాళ్ళ జీతమూ అడగకూడదంటారు. జనాభా లెక్కలు రాసుకోవడానికి వచ్చిన మనిషికి మాత్రం ఆ మర్యాద చెల్లదు. వయసెంత, చదువెంత, పిల్లలెందరు అని అడుగుతూనే ఉంటాడు. పొయ్యిమీద కూర మాడుతోందని విసుక్కుంటూ ఏదో చెప్పి పంపించేస్తాం. ఆ జవాబులే ముందుముందు ఏ మునిమనవరాలికో పెన్నిధి అవుతాయని ఆ క్షణాన ఎవరికి తోస్తుంది?

అమెరికాలో అలాగే అయింది. అక్కడ లెక్క జరిగి 72 ఏళ్ళు నిండితే ఇంటింటి కాగితాలూ ఎవరైనా చూడవచ్చు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న బయటపెట్టారు. తాతముత్తాతల ఆచూకీ కావలసినవాళ్ళు ముందు తమకు తెలిసిన పెద్దవాళ్ళని అందులో పట్టుకుంటారు. అక్కణ్ణించి పదేళ్ళకో మెట్టు చొప్పున వెనక్కి దిగుతూ పోతారు. తాతలు తొందరగానే దొరుకుతారట. చిక్కల్లా అమ్మమ్మలతోనే!

ఎందుకంటే, 1790లో జరిగిన మొదటి లెక్కలో ఇంటి యజమాని పేరొక్కటే రాశారు. భార్య, తల్లి, కూతుళ్ళు అందరూ కలిసి ఒక గడిలో ఒక అంకె. భర్త పోయి, తనే ఇల్లు నడుపుకునే ఆవిడ పేరు మాత్రం ఎక్కేది. అంటే పసుపుకుంకాలు పోతే గాని కాగితంమీద పేరు రాదన్నమాట! ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. అదీ బానిసలు కానివాళ్ళకే. బానిసలకి వేరే పట్టీ. అందులో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు తప్ప దాదాపు ఎక్కడా పేరుండదు. బానిసత్వం పోయాక జరిగిన 1870 లెక్కలోనే ఆ తల్లులందరూ మొదటిసారి పేరుతో కనిపిస్తారు. అందుకే నల్లజాతి కుటుంబాలవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి ఆ ఏడు దగ్గర గోడకి తగిలినట్టు ఆగిపోతుంటారు.

ఇంకో చిక్కు, పెళ్ళితో ఇంటిపేరు మారడం. ఇది మనకీ తెలిసిందే. 1880 నుంచి ఇంటి యజమానికి ఎవరేమవుతారో కూడా రాశారు. అల్లుడి పంచన చేరిన మామగారో, బావమరిదో ఆ ఇంట్లో ఉంటే ఇల్లాలి పుట్టింటి పేరు ఇట్టే తెలిసిపోతుంది. 1890 కాగితాలు మాత్రం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలామట్టుకు పాడైపోయాయి. 1880లో తండ్రి ఇంట్లో ఉన్న పసిపిల్ల, 1900 నాటికి మరో ఇంటిపేరుతో ఎక్కడో నలుగురు పిల్లల తల్లి. మధ్యలో ఇరవై ఏళ్ళ చీకటి.

ఆ 1900, 1910 లెక్కల్లో ఆడవాళ్ళని ఒక ప్రశ్న అడిగారు. ఎంతమంది పిల్లల్ని కన్నారు? ఇప్పుడు ఎందరున్నారు? పక్కపక్కన రెండంకెలు, ఏడు, నాలుగు అని. ఆ తేడా చూసి గుండె కలుక్కుమనని మనవరాలుంటుందా? పోయిన ఆ ముగ్గురి ఊసూ ఇంట్లో ఎవరూ ఎత్తి ఉండరు. సర్కారు కాగితం మాత్రం జ్ఞాపకం పెట్టుకుంది.

అయితే కాగితం చెప్పిందల్లా వేదం కాదు. పేర్లు చెవికి వినబడినట్టు రాసేవాళ్ళు. పదేళ్ళు గడిచినా కొందరికి ఏడేళ్ళే పెరిగేవి! జవాబులు చెప్పింది ఇల్లాలో, పక్కింటావిడో తెలియదు. 1940లో మాత్రం జవాబిచ్చినవారి పేరు పక్కన చిన్న గుర్తు పెట్టారు.

మరి మన సంగతి? మన దేశంలో 1872లో మొదటి ప్రయత్నం జరిగింది. 1881 నుంచి దేశమంతటా ఒకేసారి లెక్కిస్తూ వచ్చారు. మనకి అందేది మాత్రం అంకెలే. 1948 చట్టం ప్రకారం ఎవరింటి వివరాలూ పైవాళ్ళు చూడటానికి వీల్లేదు. పైగా మన ఆడవాళ్ళకి పేరు చెప్పడమంటేనే మొహమాటం. మొదటి సాధారణ ఎన్నికలకి జాబితాలు రాసినప్పుడు, ‘ఫలానావారి భార్యని’ అని తప్ప సొంత పేరు చెప్పనందుకు దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళు ఓటు పోగొట్టుకున్నారు.

1970 నాటికే అమెరికా చేరిన మన తెలుగు ఇల్లాళ్ళ వివరాలు, 72 ఏళ్ళ నియమం ప్రకారం 2042లో వాళ్ళ మనవలకి కనిపిస్తాయి. ఇక్కడున్న మనకి ఆ వసతి లేదు. కనుక ఓ నోటుపుస్తకం తీసుకుని అమ్మ దగ్గర కూర్చోండి. ఆవిడ పేరు, ఆవిడ అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, వాళ్ళ పుట్టిళ్ళు, పుట్టిన పిల్లలు, దక్కిన పిల్లలు, అన్నీ అడిగి రాయండి. ‘ఇప్పుడవన్నీ ఎందుకే?’ అని ఆవిడ విసుక్కుంటుంది. పరవాలేదు, అడగండి.